డ్రమ్ముమీద పడ్డ డిటెక్టివ్

“రాసిపెట్టుకో బావా! ఈ భూమ్మీద నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు!”

ఈ ప్రకటన చేస్తూ మా ఆవిడ తమ్ముడు నా రికార్డింగ్ స్టూడియోలోకి అడుగుపెట్టాడు. ఇంతవరకూ అతనికి దొరికింది తన కళ్లజోడొక్కటే. అదీ నెత్తిమీద.

నేను పాటలు మిక్సింగ్ చేస్తాను. ఆ పూట తల పట్టుకుని కూర్చున్నాను. ఒక నర్సమ్మ ఆస్పత్రికి సెలవు పెట్టి వచ్చి, తన మొదటి పాట పాడుతోంది. చక్కని గొంతు. కానీ కింది స్వరానికి దిగగానే గుమ్‌మని ఏదో మోత. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో, అంటే ధ్వనిలో ఏ స్థాయి ఎంత బలంగా ఉందో గీత గీసి చూపే తెరమీద, రెండువందల ఇరవై దగ్గర సూదిమొనలా ఒక శిఖరం లేస్తోంది. దాన్ని తగ్గిస్తే ఆమె గొంతు రేకుడబ్బాలా పలుకుతోంది. అయిదింటిలోగా సరికాకపోతే వేరే అమ్మాయిచేత పాడిస్తానని సంగీత దర్శకుడు ఫోన్లో తేల్చేశాడు. అప్పటికే నాలుగు దాటింది.

“లోపం నా గొంతులోనే ఉందేమో సార్,” అంది నర్సమ్మ, అద్దానికి అవతలి గదిలోంచి. నా ప్రాణం ఉసూరుమంది.

బావమరిది తెరమీదికి వంగాడు. “హత్య!”

“ఎవరిదిరా?”

“పాటది! ఈ రెండువందల ఇరవై ఏమిటి? ఇంటి నంబరా?”

“హెర్ట్జ్‌రా.”

“హార్టా? అయితే ప్రేమ వ్యవహారమే!”

ఆపేలోపే పాడే గదిలోకి దూరిపోయాడు.

“నిన్న మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నారు?” అని ఆమెను నిలదీశాడు.

“వార్డులో. ఇంజెక్షన్లు ఇస్తున్నా.”

ఆ మాటకి రెండడుగులు వెనక్కి వేశాడు. “మీమీద నాకెలాంటి అనుమానమూ లేదు. మీరు పాడండి. హంతకుడే బయటపడతాడు!”

ఆమె పాట ఎత్తుకుంది. శిఖరం లేచింది. అతను భూతద్దంతో గోడలు వెతుకుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. మైకు వైరు కాలికి చుట్టుకుంది. గిర్రున తిరిగి, మూలనున్న పెద్ద డ్రమ్ముమీద బోర్లా పడ్డాడు.

“అయ్యో, దెబ్బ తగిలిందా?”

“పాడండి! నిఘాలో ఉన్నాను!”

ఆమె నవ్వాపుకుంటూ మళ్లీ ఆ స్వరానికి దిగింది. తెరమీద శిఖరం లేదు! అతను లేచాడు. శిఖరమూ లేచింది.

“పడుకోరా!” అని అరిచాను.

పడుకున్నాడు. మాయమైంది.

అప్పుడు తెలిసింది. ఆమె ఆ స్వరం పట్టినప్పుడల్లా డ్రమ్ము కూడా తనంతట తానే గుమ్‌మంటోంది. మైకు రెండింటినీ కలిపి పడుతోంది. ఇంతసేపూ తెరకేసి చూశానే గానీ, లేచెళ్లి ఆ గదిలో చెవిపెట్టి విన్న పాపాన పోలేదు.

“మీ గొంతు బంగారం తల్లీ! నేనే చెవిటివాణ్ణి,” అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

డ్రమ్ము విప్పి బయటపెట్టే వ్యవధి లేదు. పాట పూర్తయ్యేదాకా అతణ్ణి దానిమీద కదలకుండా పడుకోబెట్టాను. అయిదుకి పది నిమిషాలుండగా పాట పంపేశాం. ఆమె గొంతు నిండుగా, ఆమె గొంతులాగే ఉంది. దర్శకుడు సరేనన్నాడు.

“ముద్దాయిని మొదటే పసిగట్టి మీదపడ్డాను బావా. పాటలో నా పేరుండాల్సిందే!” అని పట్టుబట్టాడు బావమరిది.

వేశాం. పాడినవారి పేరు కింద, “డ్రమ్స్” అని రాసి, దాని పక్కన.