పిలవగానే వచ్చే ప్రాణి

నాగరికత అంటే మరేమీ కాదు, పిలవగానే రావడం. ఈ మహావాక్యం నాది కాదు. శునక ప్రవర్తనా క్రమబద్ధీకరణ శాఖవారు జారీచేసిన ఉత్తర్వులో మొట్టమొదటి వాక్యం. (రెండో వాక్యం నుంచి శిక్షలు మొదలవుతాయి.)

ఆ ఉత్తర్వు ప్రకారం ఊళ్ళో ఉన్న ప్రతి పెంపుడు కుక్కా శాఖవారి ఆవరణలో పిలుపు పరీక్షకు హాజరు కావాలి. పిలిస్తే వచ్చిన కుక్క ఇంటికి పోతుంది. రాని కుక్క దిద్దుబాటు కేంద్రానికి పోతుంది. అక్కడినుంచి ఎప్పుడు తిరిగొస్తుందని కౌంటరు దగ్గర అడిగాను. “దిద్దుబాటు అయ్యాక” అన్నారు. ఎప్పటికవుతుందని అడిగాను. “అది కుక్క చేతిలో ఉంది” అన్నారు. ఇంత స్పష్టమైన జవాబు ఆ కౌంటరులో అంతకుముందు ఎన్నడూ వినలేదు కాబట్టి నోరు మూసుకుని వచ్చేశాను.

మా ఇంట్లో ఉన్న కుక్క పేరు దొర. నిజానికి అది మా కుక్క కాదు, మా అత్తగారిది. మామగారు పోయాక ఆవిడ మా ఇంటికి తెచ్చుకున్న సామానులో ప్రాణమున్నది అదొక్కటే. పొద్దున లేచింది మొదలు ఆవిడ వాడితో మాట్లాడుతూనే ఉంటుంది. మాతో మాట్లాడేది తక్కువ. ఎప్పుడైనా మాట్లాడినా, చూపు మాత్రం వాడి మీదే ఉంటుంది. ఉత్తర్వు చదివి వినిపించగానే చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

“అల్లుడుగారూ, వాణ్ణి తీసుకెళ్తే నన్నూ తీసుకెళ్ళమనండి. ఆ బోనులోనే ఇద్దరం సర్దుకుంటాం.”

(ఈ మాటకు లోలోపల సంతోషించే అల్లుళ్ళు లోకంలో ఉంటే ఉండవచ్చు. వాళ్ళ అత్తగార్లకు వంట రాదేమో.) ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. నాకు నిజంగానే గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మా దొర పిలిస్తే రాడు. రాకపోవడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, పిలిస్తే పోతాడు. “దొరా, ఇలా రా” అని ఎవరైనా అన్నారో, మరుక్షణం మంచం కింద గోడ మూలకు ఆనుకుని ఉంటాడు. లాగితే మంచం కోడు కూడా వాడితో పాటు వస్తుంది.

అందుచేత ఒక శిక్షకుణ్ణి పిలిపించాం. నడుముకు చిన్న సంచీ కట్టుకుని, అందులో ఉడికించిన కోడిమాంసం ముక్కలు వేసుకుని వచ్చాడు. మంచం కింద ఉన్న దొరను చూడనే లేదు. కుర్చీలో కూర్చుని మా ముగ్గురినీ ఎదురుగా నిలబెట్టి విచారణ మొదలుపెట్టాడు.

“‘ఇలా రా’ అని దేనికి పిలుస్తుంటారండీ?”

“స్నానానికి” అంది మా ఆవిడ.

“ఇంకా?”

“గోళ్ళు కత్తిరించడానికి. చెవిలో మందు వెయ్యడానికి. ఏదన్నా నమిలేస్తే చివాట్లు పెట్టడానికి.”

“మరి అన్నానికి?”

“అన్నానికి పిలవడమెందుకు బాబూ?” అంది అత్తగారు. “గిన్నె చప్పుడైతే చాలు, వాడే వస్తాడు.”

శిక్షకుడు డాక్టర్లు చెడ్డ కబురు చెప్పేముందు చేసినట్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ మాట పాడైపోయిందండీ. ఇక దాంతో పనిలేదు. కొత్త మాట పెట్టుకోండి. ఆ మాట విని వచ్చినవాడికి మంచి తప్ప చెడు జరక్కూడదు. తిట్టకూడదు, లాక్కూడదు, రెండోసారి అరవకూడదు. వచ్చీ రాగానే ముక్క నోట్లో పెట్టి మెచ్చుకోవాలి.”

“అంటే లంచమన్నమాట” అంది అత్తగారు. “పిల్లనిచ్చేటప్పుడు అల్లుణ్ణి కూడా ఇంతలా బతిమాలలేదు.”

“లంచం కాదమ్మా, ప్రోత్సాహం.”

పని కాకముందు ఇచ్చేది లంచమనీ, అయ్యాక ఇచ్చేది ప్రోత్సాహమనీ నేను ఆవిడకు విడమరిచి చెప్పాను. (శాఖలో పనులు పెట్టుకున్నవాణ్ణి, ఆ తేడా నాకు కాక ఎవరికి తెలియాలి?)

కొత్త మాట కోసం ఇంట్లో చర్చ జరిగింది. ఈల వెయ్యమన్నాడు శిక్షకుడు. మా ముగ్గురిలో ఎవరికీ ఈల రాదు, నాకు గాలి మాత్రం వస్తుంది. చివరికి అత్తగారే తేల్చింది. “మర్యాదగా పిలిస్తే ఎవరు మాత్రం రారు? ‘విచ్చేయండి’ అందాం.”

ఆనాటినుంచి మా రెండు గదుల వాటా రాజదర్బారైపోయింది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి “దొరగారూ, విచ్చేయండి!” అనే కేకలు. కింది వాటాలో ఉండే దర్జీ మా ఇంటికి ఎవరో పెద్దవాళ్ళు వచ్చారనుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పైకి వచ్చాడు. కుక్కను పరిచయం చేశాం. పాపం, నమస్కారం పెట్టబోయి మధ్యలో ఆపేసి, ఆ చేత్తోనే జుట్టు సవరించుకున్నాడు.

శిక్షకుడి సూత్రం మనుషుల మీద కూడా పనిచేస్తుందని మా ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు. ఒకరోజు నేను తడి తువ్వాలు మంచం మీద కాక తీగ మీద ఆరేశాను. “శభాష్!” అంది. పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. పొంగిపోయి మర్నాడు పొడి తువ్వాలు కూడా తడిపి ఆరేశాను. ఆ వారంలోనే ఆవిడ మెచ్చుకోవడం మానేసింది. తువ్వాలు మంచం మీదికి తిరిగి వచ్చింది. ప్రోత్సాహం హఠాత్తుగా ఆపకూడదని శిక్షకుడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదా!

దొర మాత్రం మారిపోయాడు. ఒక సాయంత్రం పార్కులో పిల్లి వెంట పడ్డవాడు, అత్తగారి గొంతు వినపడగానే పిల్లిని గోడ మీదే వదిలేసి చెవులు ఎగరేసుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ ముక్క పెట్టి, వాడి తల నిమిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “మీ మామగారు కూడా పిలిస్తే ఒక పట్టాన పలికేవారు కాదు” అంది నాతో. నాతోనే, వాడితో కాదు. ఈ ముసలావిడ దగ్గరనుంచి వాణ్ణి ఎవరైనా లాక్కుపోతే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదనిపించింది.

ఇటు వీళ్ళు ఇలా ఉండగా, పరీక్ష తేదీ కోసం నేను శాఖ చుట్టూ తిరుగుతున్నాను. “రేపు రా” అంటే రేపు వెళ్ళాను. “భోజనాలయ్యాక రా” అంటే మెట్ల మీద కూర్చుని, వాళ్ళ భోజనాలయ్యాక వెళ్ళాను. “పక్క కిటికీకి రా” అంటే పక్క కిటికీకి, “ఇక్కడెందుకున్నావ్, అటు రా” అంటే అటు. పోనుపోను నోటితో పిలిచే పని కూడా తప్పింది. బంట్రోతు గడ్డం ఎగరేస్తే లేచేవాణ్ణి. సెలవులన్నీ అలాగే కరిగిపోయాయి కానీ తేదీ మాత్రం దొరికింది.

పరీక్షనాడు ఆవరణలో దిద్దుబాటు కేంద్రంవారి ఊచల బండి తలుపు తెరిచి సిద్ధంగా ఉంచారు. అత్తగారు చేతిసంచీతో వచ్చింది. సంచీలో రెండు చీరలు, దుప్పటి, బీపీ మాత్రలు ఉన్నాయి. ఎందుకని అడిగే ధైర్యం మా ఆవిడకూ లేదు, నాకూ లేదు.

పరీక్షాధికారి గొడుగు కింద కుర్చీలో కూర్చున్నారు. పక్కనే గుమాస్తా ఫారాలు పట్టుకుని నిలబడ్డాడు.

“పిలిచేది ఎవరండీ?” అని అడిగాను. “మా అత్తగారైతే—”

“నేనే” అన్నారు అధికారి. “ఇంట్లోవాళ్ళు పిలిస్తే ప్రేమకొద్దీ వస్తుంది. ప్రేమ నిబంధనలకు విరుద్ధం. ‘ఇలా రా’ అని నేను ఒక్కసారే పిలుస్తాను.”

అత్తగారు ముందుకొచ్చి చేతులు జోడించింది.

“బాబ్బాబు, ఆ మాటొద్దు. అది వింటే వాడికి స్నానం గుర్తొస్తుంది. ‘విచ్చేయండి’ అనండి, చాలు. మీకు పుణ్యముంటుంది.”

అధికారి ఆవిడకేసి జాలిగా చూశారు. “ఈ ఆఫీసులో చేరిన దగ్గర్నుంచి ఇక్కడికొచ్చిన ఏ మనిషినీ విచ్చేయమనలేదమ్మా నేను. ఇవాళ కుక్కతో మొదలుపెట్టమంటావా?”

తర్కం తిరుగులేనిది. దొరను సున్నంతో గీసిన గీత మీద కూర్చోబెట్టి మేం వెనక్కి జరిగాం. అత్తగారు సంచీ భుజానికి తగిలించుకుంది. అధికారి గొంతు సవరించుకుని, తన సర్వీసంతా పిలిచిన పిలుపే పిలిచారు.

“ఏయ్, ఇలా రా!”

దొర రెప్పపాటులో ఊచల బండి కిందికి దూరాడు.

నేను వచ్చాను. ఎందుకు వచ్చానో, ఎప్పుడు కదిలానో నాకు తెలియదు. ఆయన నోరు ముయ్యకముందే ఫైలు చంకలో పెట్టుకుని, కాస్త వంగి, ఆయన కుర్చీ ముందు నిలబడి ఉన్నాను. మా ఆవిడ తల పట్టుకుంది. అధికారి ఒక్కరికే ఇందులో వింత ఏమీ కనబడలేదు. పిలిచారు, వచ్చారు. ఆయన ఫారం మీద టిక్కు పెట్టేశారు.

“సార్” అన్నాడు గుమాస్తా మెల్లగా, “వచ్చింది మనిషండీ.”

“ఫారంలో కుక్క రావాలని ఉందా?”

“‘అభ్యర్థి’ రావాలని ఉందండీ.”

“అభ్యర్థి సంతకం ఎవరిది?”

గుమాస్తా ఫారం చూశాడు, నన్ను చూశాడు. “ఈయనదే.”

“మరింకేం!” అని అధికారి ముద్ర వేసి, రిమార్కుల గడిలో స్వహస్తాలతో రాశారు: “మొదటి పిలుపుకే హాజరు. ఆహారం, మెచ్చుకోలు అవసరపడలేదు.” అంత శుభ్రమైన ఫలితం ఆ శాఖలో ఇదివరకెన్నడూ రాలేదని గుమాస్తా నా చెవిలో చెప్పాడు.

అత్తగారు బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పిలిచింది. దొర దుమ్ము దులుపుకుంటూ విచ్చేశాడు. ఆవిడ వాణ్ణి కావలించుకుని, ఏడుస్తూ నవ్వుతూ, “అల్లుడుగారూ, మీరు దేవుడు” అంది. వాడిని వదిలేసి, నావైపు చూసి మరీ అంది.

ధ్రువపత్రం చేతికిస్తూ అధికారి చెప్పారు. “ఇది ఏడాదికే చెల్లుతుంది. వచ్చే ఏడు కుక్కను తీసుకురానక్కర్లేదు. నువ్వొక్కడివీ వస్తే చాలు.”

తప్పకుండా వస్తానన్నాను. ఎన్ని గంటలకు రమ్మంటారని కూడా నేనే అడిగాను.