మూగ మిషనుకు జత

మొదట్లో నా చేతిలో ఉన్నవి నైజీరియాలోని లాగోస్ మార్కెట్లో ఒక కొట్టు, ఆ కొట్టుకు ఏడాది చివర కట్టవలసిన అద్దె, ఆ అద్దె డబ్బంతా పోసి దింపిన ఇన్వర్టర్ జనరేటర్లు. అవి అమ్ముడుపోకపోతే కొట్టు యజమాని తాళం మారుస్తాడు. ఇంతకన్నా తేలికైన లెక్క నాకు తెలియదు.

మా వీధి ఇంటి యజమానుల సంఘం చాలా బాధ్యత గలది. కరెంటు గురించి అది ఏనాడూ చర్చించలేదు. రానిదాని మీద చర్చ దేనికి? ఏ జనరేటర్ కొనాలన్నది మాత్రం బహిరంగ పరీక్షలో తేల్చాలని తీర్మానించి నన్ను పిలిపించింది.

అధ్యక్షులు చీఫ్ ఒలాతుబోసున్ గారి ప్రహరీ ముందు రెండు మిషన్లు దించాను. ఒకటి పాతరకం. చవక, పొగ ఎక్కువ, తాడు లాగగానే గోడ మీది బల్లి వీధి మారుతుంది. రెండోది ఇన్వర్టర్. ఖరీదు నాలుగింతలు, పెట్రోలు సగం, చప్పుడు ఇద్దరు ఆడవాళ్లు పక్కగదిలో మాట్లాడుకుంటున్నంత. వాడకం తగ్గితే వేగం తనే తగ్గించుకుంటుంది, కంప్యూటర్లను కాల్చదు.

చీఫ్ గారు ఉపన్యసించారు. "సోదరులారా, మోత అనాగరికం. ప్రగతి అంటే నిశ్శబ్దం. ఆ ప్రగతి నా గడప నుంచే మొదలవుతుంది." పాత మిషను ఇంకా ఆపలేదు కనుక ఈ మాటలు పక్కనే నిలబడ్డ నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

తరవాత ఆయన నా చెవి దగ్గరికి వచ్చారు. "ఆఖరి ధర చెప్పు తమ్ముడూ. నన్ను చూసే వీధంతా కొంటుంది. నచ్చకపోతే మాత్రం వెనక్కి పంపేస్తాను, అప్పుడూ వీధంతా చూస్తుంది."

ఇన్వర్టర్ చీఫ్ గారింటికి వెళ్లింది. వీధి ఎదురుచూసింది.

ప్రహరీ ఎత్తు, కిటికీలకు మందపాటి తెరలు. లోపల ఏసీ, ఫ్రిజ్, టీవీ హాయిగా నడుస్తున్నాయి. బయటికి మాత్రం చప్పుడు లేదు. మా వీధిలో చప్పుడు లేని ఇల్లంటే పెట్రోలుకు డబ్బుల్లేని ఇల్లు. చీఫ్ గారి పండగ బట్టలు కుడుతున్న దర్జీ అడ్వాన్సు అడిగాడు. పాస్టర్ గారు 'మనలో చీకట్లో ఉన్నవారి కోసం' ప్రార్థించి, ముందు వరసలోని చీఫ్ గారి వైపు చూశారు. సంఘం అత్యవసరంగా సమావేశమై, అధ్యక్షులవారికి కాపలా చందా మినహాయిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. నా దగ్గరికి బేరానికి ఒక్కరూ రాలేదు. అంత పెద్దాయననే దివాలా తీయించిన మిషను ఎవరు కొంటారు?

వారం తిరక్కుండా చీఫ్ గారి భార్య, మేడమ్ మోరెనికె, మిషనును కారులో వేసుకుని వచ్చారు.

"తీసుకోవయ్యా నీ మూగ మిషను. ఫ్రిజ్ నిండా చేపలున్నాయి నాకు. పక్కింటావిడ జాలిపడి ఎగుసి గింజల సూపు పంపింది."

"సూపు బాగోలేదా మేడమ్?"

"బాగుంది. అదే నా ఏడుపు."

"ఏసీ చల్లగా రావడం లేదా?"

"వణికి చస్తున్నాం. ఎవడికి తెలుస్తోంది?"

ఆ మిషను నా కొట్టులో దిగితే, దానితోపాటే నా కొట్టూ దిగిపోతుంది. అందుకని కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"మిషనులో లోపం లేదు మేడమ్. దానికి జత కావాలి, అంతే." పాతరకం ఒకటి బయటికి లాగాను. "దీన్ని గేటు పక్కన పెట్టించండి. వైరు కూడా తగిలించక్కర్లేదు."

"వైరు లేకుండా ఏం నడుస్తుంది?"

"మీ పరువు నడుస్తుంది."

ఆవిడ పాత మిషను చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "పక్కింటి దానికన్నా మోత ఎక్కువ వచ్చేది ఉందా?"

ఆదివారానికల్లా దర్జీ అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాడు. సంఘం చందా మినహాయింపును రద్దు చేసి, వసూలు కూడా చేసింది. చీఫ్ గారు కోలుకున్నది ఇన్వర్టర్‌కు జత కుదరడం వల్లనేనని గ్రహించిన వీధి నా కొట్టు ముందు వరస కట్టింది. ఒక్కొక్క ఇంటికీ రెండేసి మిషన్లు, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. మొన్నొక రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండిందట. ముందుగా మోత ఆపి అలుసైపోవడం ఇష్టం లేక ఎవరూ ఆపలేదు.

ఇక లెక్క. నాకు అద్దె డబ్బు చేతికొచ్చింది, కొట్టు మిగిలింది, నిశ్శబ్దానికి చేసిన సేవకుగాను సంఘం శాలువా కప్పింది. వీధికి లోపల వెలుగు దక్కింది, బయట గౌరవం దక్కింది. కంటినిండా నిద్ర మాత్రం ఎవరికీ దక్కలేదు. కానీ అది కావాలని నా కొట్టుకు ఎవరూ రాలేదు.