ఆ గదిలో రెండోవాడు

ఆ ఉదయం కంచు బాబాయి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటిలోగా గడ్డం గీసుకోవాలి, డైలాగులు రెండుసార్లు చదువుకోవాలి, పదకొండింటికి డబ్బింగ్ స్టూడియోలో ఉండాలి. గొంతు కంచులా మోగుతుందని స్టూడియోవాళ్లు పెట్టిన పేరది. ఇంట్లో ఆయన్ని ఏ పేరుతోనూ పిలిచేవారు లేరు. భార్య పోయి ఆరేళ్లయింది.

సినిమాలో ఉన్నది ఇద్దరే మనుషులు. ఇంటికొచ్చిన అతిథిని గదిలో పెట్టి తాళం వేసి, మాటలతోనే పిచ్చెక్కించే గృహస్థు ఒకడు, ఆ అతిథి ఒకడు. ఒకప్పుడు నాటకంగా ఆడింది, తర్వాత సినిమాగా వచ్చింది, ఇప్పుడు కొత్త నటులతో మళ్లీ తీశారు. గృహస్థుకి బాబాయి గొంతు కావాలన్నారు.

మామూలుగా డబ్బింగ్ అంటే ఎవరి భాగం వాళ్లు ఒంటరిగా అద్దాల గదిలో నిలబడి చెప్పి వెళ్లిపోవడమే. కానీ ఈసారి డైరెక్టర్, "నాటకంలాగే ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి చెప్పాలి బాబాయ్, ఎనిమిది రోజుల పని" అన్నాడు. ఎనిమిది రోజులు పక్కన ఒక మనిషి! బాబాయి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. టీ విరామంలో ఆ రెండో ఆర్టిస్టుతో ఏం మాట్లాడాలో కూడా వరసగా అనుకుని పెట్టుకున్నాడు.

గదిలో మాట మార్మోగకుండా తలుపులకీ కిటికీలకీ దుప్పట్లు కట్టి మొదలుపెట్టాడు. ఎదుటివాడి మాటలు అందించేవారు లేరు కనుక అవీ తనే, సన్నటి గొంతుతో చెప్పుకున్నాడు.

"తాళంచెవి నా జేబులో ఉంది. నువ్విక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలీదు."

"నన్నొదిలెయ్యండి! మీరనుకుంటున్న మనిషిని నేను కాదు!"

"అయితే మరీ మంచిది. నీ కోసం ఎవరూ వెతకరు."

తర్వాత ఒక కేక. ఆపైన నిశ్శబ్దం. స్క్రిప్టులో అలాగే ఉంది.

దుప్పట్లు ఎంత కట్టినా ఆ కేక ఎదురింటి టీచరమ్మ చెవిన పడనే పడింది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. కాసేపు చెవులు రిక్కించి, మళ్లీ ఏ చప్పుడూ వినబడకపోయేసరికి వచ్చి బెల్లు కొట్టింది. బాబాయి తలుపు తీశాడు. గడ్డం దగ్గర తెగి, బనీను మీద రెండు నెత్తుటి చుక్కలున్నాయి.

"మీ ఇంటికెవరైనా వచ్చారాండీ?"

"అబ్బే, ఎవరూ రాలేదండీ."

"లోపల ఎవరూ లేరా?"

"ఇప్పుడెవరూ లేరండీ," అన్నాడు, ధ్యాసంతా గడియారం మీద పెట్టి. "వచ్చారు గనక ఒక్క చెయ్యి వేస్తారా? దీన్ని అటకెక్కించాలి, ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను."

టీచరమ్మ ఆయన భుజం మీంచి లోపలికి చూసింది. హాల్లో నేల మీద దుప్పట్లు చుట్టి తాళ్లతో బిగించిన మూట ఒకటి, నిలువెత్తు మనిషంత పొడుగున పడుకుని ఉంది.

ఆవిడ వెనక్కి నడిచి, ఇంట్లోకి దూరి గొళ్లెం పెట్టుకుని వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. అతను వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం తిరగేసి, "పొద్దుట్నించీ ఆ ఇంటికెవరూ రాలేదమ్మా" అన్నాడు.

"చూశావా! పుస్తకంలో రాయించకుండా తీసుకొచ్చాడంటే ముందే పథకం వేశాడన్నమాట," అంది టీచరమ్మ. లెక్క తేలిపోయింది. పోలీసులకి ఫోన్ వెళ్లింది.

బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఎస్సై, కానిస్టేబులు, వాచ్‌మన్, వాళ్ల వెనక టీచరమ్మ వచ్చారు.

"రెండోవాడెక్కడ?" అన్నాడు ఎస్సై.

"రెండోవాడూ నేనే సార్."

"వేళాకోళమా?"

"మొదటివాడూ నేనే సార్."

మూట విప్పారు. దుప్పట్లలోంచి దుప్పట్లే వచ్చాయి. ఇల్లంతా వెతికారు. కానిస్టేబులు వంటగదిలోంచి ఒకటొకటే చెప్పుకొచ్చాడు. "ఒకటే కంచం సార్. ఒకటే గ్లాసు. కుర్చీ కూడా ఒకటే." వాచ్‌మన్ తన వంతు సాక్ష్యం ఇచ్చాడు. "మూడేళ్ల పుస్తకాలు చూశాను సార్. ఈయన కోసం గ్యాస్ బండ తప్ప ఏదీ రాలేదు."

ఎస్సై నోట్‌బుక్ మూసేశాడు. "హత్య జరగాలంటే కనీసం ఇద్దరుండాలమ్మా. ఈ ఇంట్లో ఎప్పుడైనా ఇద్దరున్నట్టు దాఖలాల్లేవు."

నిర్దోషిగా తేలినందుకు సంతోషించాలని బాబాయికి తెలుసు. కానీ అందరూ తన ఒక్క కంచం వైపు చూస్తుంటే, దొంగసొత్తు దొరికిపోయినట్టు తల దించుకున్నాడు. టీచరమ్మ కూడా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది.

చివరికి డబ్బింగ్ సంగతి చెప్పి, డైలాగుల కాగితాలు ఎస్సై చేతికిచ్చాడు. "ఏదీ, ఓసారి చేసి చూపించండి," అన్నాడు ఎస్సై, కాస్త మెత్తబడి.

బాబాయి చేశాడు. తాళంచెవి మాటకి వాచ్‌మన్ గుమ్మం దగ్గరికి జరిగాడు. సన్నగొంతు బతిమాలుతుంటే కానిస్టేబులు తలుపు వెనక్కి తొంగి చూశాడు. కేక అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి ఇంట్లో చప్పట్లు మోగడం అదే మొదలు.

అప్పుడే ఫోన్ మోగింది. డైరెక్టర్. "పదకొండున్నరయింది, ఎక్కడున్నావు బాబాయ్?"

బాబాయి నోరు విప్పేలోపల ఎస్సై ఫోన్ అందుకున్నాడు. "ఆయన్నేమీ అనకండి. ఆలస్యం మా వల్లే. రెండు గొంతులూ ఈయనవేనని విచారణలో తేలింది. ఎదురుగా చూస్తూ కూడా నమ్మలేక తలుపు వెనక వెతికామండీ!"

ఫోన్ మళ్లీ బాబాయి చేతికొచ్చింది.

"రెండూ నువ్వే చెప్పెయ్యి బాబాయ్. పోలీసులే పోల్చుకోలేకపోతే ప్రేక్షకులేం పోల్చుకుంటారు? ఆ రెండో ఆర్టిస్టుని రావద్దని చెప్పేస్తాను."

"వద్దు సార్, ఆయన్ని రానివ్వండి," అన్నాడు బాబాయి గబగబా. "ఊరికే పక్కన నిలబడినా..."

"ఊరికే ఎందుకు? నీ భాగమొకటి, వాడి భాగమొకటి, విడివిడిగా చెప్పేద్దువుగాని. నీకేమన్నా ఇబ్బందా?"

గదిలో నలుగురూ ఆయన అదృష్టానికి మురిసిపోతూ చూస్తున్నారు. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఇబ్బందేముంది సార్. మేమిద్దరం ఒకరికొకరం అలవాటే."