కాంటూరు గారికి ఒక అర్జీ

కొల్లేరు కనపడకుండా పోవడం మన జిల్లాకు పట్టిన అదృష్టం! ఈ మాట అన్నందుకు నన్ను తిట్టదలచుకున్నవాళ్లు ముందు ఈ నాలుగు ముక్కలూ చదివి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టండి.

నేను దెందులూరు వైపు హైస్కూళ్లలో ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పి, రిటైరై, ఆకివీడులో ఇల్లు కట్టుకున్న మాస్టార్ని. నదులూ, పీఠభూములూ, సరస్సులూ నాకు కొట్టిన పిండి. ఆ అధికారంతో చెబుతున్నాను: సరస్సంత బాధ్యత లేని పదార్థం భూగోళం మీద ఇంకొకటి లేదు. వానాకాలంలో పెరుగుతుంది. ఎండాకాలంలో తరుగుతుంది. ఏ నెలలో ఎక్కడిదాకా ఉంటుందో దానికే తెలియదు. ఇలాంటి నిలకడ లేని దాన్ని చూసి మన పెద్దలు మంచినీటి సరస్సని మురిసిపోయారు. వాళ్లకి మాత్రం వేరే పనేముంది?

ఇప్పుడు చూడండి! ఆ విచ్చలవిడి నీళ్లను చతురస్రాలుగా, దీర్ఘచతురస్రాలుగా కోసి, చుట్టూ గట్లు వేసి, ముక్కకొక యజమానిని చూసి అప్పగించాం. దిక్కూ మొక్కూ లేకుండా తిరిగే నీళ్లకి ఒక ఇల్లూ, ఒక పేరూ, ఒక వాచ్‌మనూ దొరికారు. దీన్ని పట్టుకుని కొందరు ఆక్రమణ అంటారు. అనాథని తెచ్చి పెంచుకుంటే మా వైపు దాన్ని దత్తత అంటారు.

మంచినీళ్ల సంగతే తీసుకోండి. ఒకప్పుడు లంక గ్రామాలవాళ్లు కొల్లేటి నీళ్లని కుండలతో ముంచుకుని, గుడ్డలో వడకట్టుకుని తాగేవాళ్లట. ఎంత మొరటుతనం! ఇప్పుడు ఆ ఊళ్లకి నాలుగు వైపులా నీళ్లే ఉన్నా, తాగడానికి ఆటోలో టిన్నులు వస్తాయి. చెరువులో నీళ్లు చేపలకి, టిన్నులో నీళ్లు మనుషులకి. ఆటో రాని రోజున మాత్రం చేపలు తాగుతాయి, మనుషులు చూస్తారు.

ఇక రోడ్లు. చేపల లారీలు ఐసు నీళ్లు కారుస్తూ పోతుంటాయి కాబట్టి మా రోడ్ల మీద దుమ్మన్నది లేవదు. ఆ లారీ వెనకాల నేను స్కూటరు మీద పావుగంట ప్రయాణం చేసి ఇంటికొస్తే, మా వీధి పిల్లులు నాలుగూ ఎదురొచ్చి గుమ్మందాకా దిగబెడతాయి. నా సర్వీసులో ఏ హెడ్మాస్టరూ నాకు అంత మర్యాద చెయ్యలేదు.

వాసన అంటారా? కోళ్ల షాపుల్లో మిగిలిన పేగులూ ఈకలూ డ్రమ్ములకెత్తి చెరువుల్లో దింపుతున్నారని గిట్టనివాళ్లు అంటూనే ఉంటారు. పోయిన నెల మా వియ్యంకుడు తాడేపల్లిగూడెం నుంచి వారం రోజులుంటానని పెట్టె సర్దుకుని వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలవేళ గాలి ఇటు తిరిగింది. సాయంత్రం బస్సుకి ఆయనే వెళ్లిపోయాడు. అలాంటి గాలిని కాలుష్యం అనడానికి మీకు నోరెలా వస్తుందండీ?

పక్షులకి అన్యాయం జరిగిపోతోందని ఇంకొక ఏడుపు. గూడకొంగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేపల కోసం దిగబోతే మా చెరువుల మీద టపాకాయలు పేలుస్తారు. నిజమే. అతిథులు వస్తున్నప్పుడు టపాకాయలు కాల్చడం స్వాగతం కాక మరేమిటి? వాళ్లు దిగకుండానే వెనక్కి తిరిగిపోతే అది వాళ్ల బిడియం.

ఇంతటి శుభకార్యానికి ఒకే ఒక్క అడ్డం ఉంది. దాని పేరు కాంటూరు.

మా ప్రాంతంలో పుట్టని పాఠకుల కోసం కాస్త పాఠం చెబుతాను. సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ మ్యాపు మీద గీసే గీత కాంటూరు. పుస్తకంలో సమోన్నత రేఖ అని ఉంటుంది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున పోయే గీత ఐదో కాంటూరు. ఆ గీత లోపలిదంతా కొల్లేరు, అందులో చేపల చెరువులు ఉండకూడదు అని రూలు. దాన్ని మూడో కాంటూరుకి దించేస్తే మధ్యనున్న నేల మనకి మిగులుతుందని ఎన్నో ఏళ్లుగా పెద్దమనుషులు అడుగుతున్నారు. నేను ఇంకొంచెం ముందుకు వెళతాను. మూడు దగ్గర ఆగడమెందుకు? సున్నాకి దించండి. సున్నా అంటే సముద్రమట్టం. అప్పుడు బంగాళాఖాతంలో కూడా గట్లు వేసుకోవచ్చు!

ఆ గీతలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. అది కంటికి కనపడదు. కనపడని గీతని దాటామో లేదో ఎవరు చెప్పగలరు? నా దగ్గర చదువుకున్న కిరణ్ కుమార్ అనే కుర్రాడికి తొమ్మిదో తరగతిలో కాంటూరు మ్యాపుకి నేను సున్నా వేశాను. కొండ గీయమంటే గుంట గీసేవాడు, గుంట గీయమంటే కొండ గీసేవాడు. ఇప్పుడతను తామరలంక అనే ఊరి చుట్టూ పొక్లెయినుతో అదే గీస్తున్నాడు. జీవితంలో పైకొచ్చాడు. చెరువులో వల దింపి చేపలు పట్టే పట్టుబడి రోజున రెండు బొచ్చె చేపల్ని గోనెపట్టాలో చుట్టి మా ఇంటికి పంపుతాడు. ఆ చేపలకీ ఈ వ్యాసానికీ ఎలాంటి సంబంధమూ లేదని మనవి.

ఇక్కడితో ఆపేసి ఉంటే నా వాదన దివ్యంగా ఉండేది. మే నెలాఖరులో ప్రసన్నకుమారి ఫోను చేసింది.

ఈవిడా నా స్టూడెంటే. సొంత ఊరు తామరలంకలోనే, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అమ్మమ్మ పాపమ్మ గారి దగ్గరే ఉంటుంది.

"మాస్టారండీ, మా అమ్మమ్మ కాంటూరు గారికి అర్జీ రాయించాలంటోందండీ. కాంటూరంటే మనిషి కాదని నేను చెబితే వినట్లేదు. మీరొకసారి వచ్చి చెబుదురూ" అంది.

నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. కాంటూరు గారే.

వెళ్లాను. చెరువు గట్ల మీద నుంచే దారి. వాకిట్లో కుర్చీ వేసి, టిన్ను నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చి, పాపమ్మ గారు నా ఎదురుగా పీట మీద కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి. మాట మెత్తన.

"ఐదో కాంటూరు గారు మంచోరండి. ఇరవయ్యేళ్ల కిందట ఆయనొస్తున్నారంటే ఇక్కడందరూ వణికిపోయారండి. గట్లన్నీ పేల్పించేశారు. ఆ తర్వాత మూణ్ణాలుగేళ్లు మా ఇంట్లోకి నీళ్లు రాలేదండి. మరి బదిలీ అయిపోయారో ఏమో, మళ్లీ ఇటు రాలేదు."

"మూడో కాంటూరు సంగతి కూడా విన్నారా?" అన్నాను.

"విన్నానండి. చర్చిలో అనుకుంటున్నారు. ఐదో ఆయన్ని తీసేసి మూడో ఆయన్ని వేస్తారంటండి. ఆయన చెరువులోళ్ల మనిషంట. అందుకే ఐదో ఆయన సీట్లో ఉండగానే ఈ కాయితం పెట్టేద్దామని."

నాకు నవ్వొచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకున్నాను. ఆలోచించిన కొద్దీ నవ్వు తగ్గింది. కాంటూరు గురించి ఇంత తెలివైన మాట నేను ఏ సెమినారులోనూ వినలేదు. ప్రతి ఎలక్షనుకీ బదిలీ మాట వస్తుంది. ఒకరు ఉంచాలంటారు, ఒకరు దించాలంటారు. వచ్చి చూసినట్టు ఫైల్లో ఉంటుంది, వచ్చినప్పుడు చూసినవాళ్లుండరు. ఇన్ని లక్షణాలున్నది ఆఫీసరు కాకపోతే మరేమిటి?

"ఇంతకీ అర్జీలో ఏం రాయాలండీ?" అన్నాను.

"మా ఊరి నీళ్లన్నీ కొల్లేట్లోకి పోయే కాలవండి ఇది" అని ఆవిడ పెరటివైపు చూపించారు. "దానికి అడ్డంగా గట్టేసేశారు. వాన పడితే నీళ్లు పోయే దారి లేదు. గట్టు తీసెయ్యమని నేననట్లేదండి. వాళ్ల బతుకు వాళ్లది. అందులో ఒక తూము పెట్టించమని. వానలు పడకముందే పెట్టించమని రాయండి."

ఆ గట్టు ఎవరిదని అడిగాను. పాపమ్మ గారు నా చేతిలో గ్లాసు అందుకుని పక్కన పెట్టారు. ప్రసన్నకుమారి మాత్రం నా వైపు తిన్నగా చూసి, "మీ స్టూడెంటేనండీ, కిరణ్ కుమార్ గారు" అంది.

"అడిగి చూశారా?"

"నాలుగుసార్లు వెళ్లానండీ. తూము పెడితే చేపపిల్ల పోతుందన్నారు. కాంటూరు దాటి ఒక్క అడుగు కూడా వెయ్యలేదన్నారు. కావాలంటే మన సోషల్ మాస్టార్నే అడుక్కోమన్నారండీ."

నేను గొంతు సవరించుకుని పాఠంలోకి దిగాను. మనకి చేతనైనది అదే కదా! కాంటూరు అంటే మనిషి కాదండీ పాపమ్మ గారూ, అది ఒక గీత. నీళ్లని కదలకుండా నిలబెడితే అంచు ఎక్కడెక్కడ తగులుతుందో అక్కడంతా ఒకే ఎత్తు ఉంటుంది. ఆ అంచు వెంట గీసే గీతే కాంటూరు. ముప్పై రెండేళ్ల అలవాటు కొద్దీ గాల్లో వేలితో గీసి కూడా చూపించాను.

ఆవిడ శ్రద్ధగా విన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలెవరూ అంత శ్రద్ధగా వినలేదు.

"నీళ్ల గీతాండీ? అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉంటదా?"

"అంతేనండీ."

"అయితే ఒకసారి లోపలికి రండి."

లోపల చీకటిగా ఉంది. కాసేపటికి కళ్లు కుదురుకున్నాయి. సున్నం వేసిన గోడల మీద, నా నడుము ఎత్తున, గదికి నాలుగు వైపులా మట్టిరంగు గీత ఉంది. తలుపు చెక్క మీద, బీరువా మీద, మూలనున్న రోకలి మీద కూడా అదే ఎత్తులో ఉంది. ఇన్నేళ్లు బోర్డు మీద వంకర్లు తిప్పుతూ గీశాను కానీ ఇంత తిన్నగా ఒక్కసారీ గీయలేకపోయాను.

"ఇది మొన్నటి వరదదండి. తొమ్మిది రోజులుంది. దీనికి జానెడు కింద ఉంది చూడండి, అది అంతకుముందుది. మోకాలి దగ్గరున్నది బాగా పాతది. సున్నం వేస్తే పోద్దంటారు గానీ పోవట్లేదండి, లోపల్నుంచి పైకొచ్చేస్తంది."

గోడవారగా మంచం మీద ఆవిడ భర్త యోబు గారు పడుకుని ఉన్నారు. పక్షవాతం వచ్చి ఆరేళ్లు. నన్ను చూసి కుడిచెయ్యి కొద్దిగా ఎత్తారు. మంచం కోళ్ల కింద ఇటుకలున్నాయి. లెక్కపెట్టాను, నాలుగు వరసలు. అయినా ఆ గీత మంచం కంటే పైనే ఉంది.

"పోయినసారి కుర్రోళ్లు మంచంతో సహా దోనె మీద పెట్టి చర్చిలోకి చేర్చారండి. దోనె రావడం ఆలస్యమైంది. రెండు గంటలు నేనే ఈయన తల పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. ఈసారి నా చేతుల్లో అంత సత్తువ లేదండి" అన్నారు పాపమ్మ గారు. ఫిర్యాదులా చెప్పలేదు. ఉన్న మాట చెప్పారు.

పాఠకులారా, నాకు సిగ్గేసింది. కాంటూరు కంటికి కనపడదని కాసేపటి కిందట మీ ముందు ఒక జోకు వేసిన మనిషిని నేనే. ఆ జోకు కిరణ్ కుమార్‌కి ఎంత నచ్చేదో నాకు తెలుసు. అతని చేపలు తిన్న నోటితోనే వేశాను కదా.

వాకిట్లోకి వచ్చి కాగితం అడిగాను. ప్రసన్నకుమారి స్కూలు నోటుబుక్కులోంచి ఒక ఠావు చింపి ఇచ్చింది. ఎవరికన్న పై వరస వదిలేసి, 'తామరలంక కాపురస్తురాలు పాపమ్మ వ్రాసుకొనిన అర్జీ' అని దాని కింద నుంచి మొదలుపెట్టాను. గట్టు సంగతీ, తూము సంగతీ, మంచం సంగతీ అన్నీ రాశాను. పైన 'వారి దివ్యసముఖమునకు' అని కూడా రాసి, దాని ముందు చోటు వదిలి ఆగిపోయాను.

"కాంటూరు గారు లేరన్నారు కదండీ. మరి ఎవరి పేరున రాస్తారండి?" అన్నారు పాపమ్మ గారు.

చెప్పడానికి ప్రయత్నించాను. కొల్లేటి మీద వాలిన పక్షిని చూసే ఆఫీసు ఒకటండీ. ఆ పక్షి నిలబడ్డ నీళ్లు వేరే ఆఫీసు. నీళ్ల కింద నేల ఇంకొక ఆఫీసు. ఆ నేల మీద గట్టేసి పెంచిన చేప మరో ఆఫీసు. కాలవలోకి వచ్చే మురుగుది వేరే, దాని వాసనది వేరే, వరద వచ్చాక పులిహోర పొట్లాలు పంచేది వేరే. వీళ్లందరి మీదా కమిటీ ఒకటి. ఆ కమిటీ చెప్పింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇంకో కమిటీ. గట్టులో తూము మాత్రం ఎవరి కిందికి వస్తుందో అడిగి కనుక్కోవాలండీ.

నేను చెబుతున్నంతసేపూ ఆవిడ వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకున్నారు. రెండు చేతులూ అయిపోవచ్చాయి.

"ఇంతమంది ఉన్నారాండీ?" అన్నారు పాపమ్మ గారు. "ఇన్నేళ్లూ ఒక్కాయనే అనుకున్నానండి. పాపం, ఆయనకి తీరిక లేక రాలేదనుకున్నాను."