వెర్నా నోరు మూసుకున్న రోజు

ఆ శనివారానికి వెర్నా కోస్టెల్లో వేసుకున్న పథకంలో మూడే పనులు. పొద్దున్నే టాఫీ వండాలి. మధ్యాహ్నం స్నేహితుల కారులో పార్కుకు పోవాలి. సాయంత్రం ఏడున్నర నుంచి కచేరీ అయ్యేదాకా నోరు మూసుకోవాలి. మొదటి రెండూ ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. మూడోది తలుచుకుంటేనే తెల్లవారుజాము నుంచి భయంగా ఉంది.

ఆ భయానికి కారణం ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంది. అది పోయిన జులైలో పార్కు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. చికాగోకు ఉత్తరాన, సరస్సు పక్కనున్న ఆ పార్కులో ఏటా వేసవిలో నాటకాల పాటల కచేరీ పెడతారు. ముప్పయ్యేళ్ళుగా వెర్నా ఒక్కటీ వదల్లేదు. వదలకపోవడం వరకు బాగానే ఉంది కానీ, వేదిక మీద ఎవరు పాడుతున్నా తాను కూడా పాడుతుంది. పాడుతున్నట్టు తనకు తెలియదు. పోస్టాఫీసు కౌంటరులో పాతికేళ్ళు అరిచి అరిచి తయారైన గొంతు, ఆరు వరుసల అవతలికి కూడా శుభ్రంగా వినిపిస్తుంది. "నేను డబ్బిచ్చింది ఈవిడ పాటకు కాదు" అని పోయినేడు వెనకాయన ఫిర్యాదు రాసి ఇచ్చాడు. మరొక్క ఫిర్యాదు వస్తే ఇక జన్మలో లోపలికి రానిచ్చేది లేదని ఉత్తరం సారాంశం.

అయినా ఇవాళ వెళ్ళక తప్పదు. ఇవాళ పాడేది కార్లోటా వేన్. డెబ్బయ్యారేళ్ళ మనిషి, ఇదే చివరి కచేరీ అని ప్రకటించింది. ఆమె 'లాండ్రీ వీధి' అనే నాటకంలో చాకలమ్మగా వేసినప్పుడు వెర్నాకు ఇరవై రెండేళ్ళు. ఆ నాటకం పందొమ్మిదిసార్లు చూసింది. అందులో ఆఖరున వచ్చే తాడు పాటను ఈ చెవులతో ఇంకొక్కసారి వినాలి, అంతే. విన్నాక పార్కు గేట్లు మూసేసుకున్నా ఫరవాలేదని ఒకోసారి అనిపించేది. మరునిమిషమే భయం వేసేది.

పాకం పొయ్యి మీద ఉండగా ఫోను మోగింది. అవతల ఇడా లిండ్‌క్విస్ట్. వీళ్ళిద్దరికీ, డోరీన్‌కూ నలభై ఏళ్ళ స్నేహం.

"ఏమే, లేచావా?"

"లేచానే. పాకం ఉడుకుతోంది, త్వరగా చెప్పు."

"మళ్ళీ మళ్ళీ చెప్తున్నానని కాదుగానీ..."

"మళ్ళీనే చెప్తున్నావు."

"ఒక్క ముక్క పాడకూడదు. పాడావో, డోరీనూ నేనూ నీతో ఇంకెక్కడికీ రాం. పోయినేడు జనమంతా మనవైపే చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది."

"పాడనే తల్లీ."

"కూనిరాగం?"

"తియ్యను."

"పెదాలు కదపడం?"

వెర్నా గరిటె పక్కన పెట్టింది. "పెదాలు కదిపితే ఎవరికేం నష్టమే?"

"నీ పెదాలు కదిలాయంటే వెనకాలే గొంతు కూడా బయల్దేరుతుంది. నాకు తెలీదూ!"

పెదాల సంగతి తేలేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఈలోగా పాకం ముదిరిపోయింది. మళ్ళీ వండే తీరిక లేక వెర్నా దాన్నే ముక్కలు కోసి డబ్బాలో పోసుకుంది. ఆ ముక్కలు సరదాకి చేసినవి కావు, మందు. నోట్లో ఏదైనా నానుతుంటే పాట రాదని ఆమె ఇంట్లో వారం రోజులుగా పరీక్షించి చూసుకుంది.

పార్కు గేట్లు నాలుగింటికి తెరుస్తారు. అక్కడ దుప్పటి పరిచినవాడిదే నేల. పరుగెత్తడం నిషేధం కనుక మూడువేల మందీ మోకాళ్ళు వంచకుండా, పరుగు కాని పరుగుతో వేదికవైపు దూసుకుపోతారు. డోరీన్ మొగుడు హార్లన్‌కు పాటలంటే ఆసక్తి లేకపోయినా కాళ్ళు పొడుగు. అందుకే ఏటా అతన్ని తీసుకొస్తారు. ఈసారి దుప్పటి వేదికకు సరిగ్గా ఎదురుగా, మొదటి వరుసలో పడింది. దాని మీద చలువ బట్ట పరిచి డోరీన్ గుడ్ల సలాడు, చల్లటి కోడి ముక్కలు, గాజు గ్లాసులు, రెండు వెండి కొవ్వొత్తి స్తంభాలు అమర్చింది. పక్క దుప్పటివాళ్ళు మూడు స్తంభాలు తెచ్చారని కాసేపు బాధపడింది.

ఏడుంబావుకు ఆకుపచ్చ జాకెట్టు వేసుకున్న పార్కు మనిషి వచ్చి వాళ్ళ ముందు ఆగాడు. అతని పేరు డెస్మండ్. పోయినేడు ఫిర్యాదు రాసుకున్నది అతనే.

"బావున్నారా మేడం? ఇవాళ ఇక్కడిక్కడే ఉంటాను," అన్నాడు మర్యాదగా.

వెర్నా డబ్బా మూత తీసింది. ఒక టాఫీ చాలదనిపించి రెండు నోట్లో వేసుకుంది. అంతలో వాద్యాలు మొదలవడంతో భయం కొద్దీ మూడోది కూడా వేసుకుని గట్టిగా కొరికింది. పై దవడ, కింది దవడ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. విప్పబోయింది, రాలేదు. మొదట హాయిగా అనిపించింది. ఇక పాడమన్నా పాడటం కుదరదు కదా!

కచేరీ చివరికొచ్చేసరికి ఇడాకు అనుమానం వచ్చింది.

"ఏంటే అంత బిగుసుకుని కూర్చున్నావ్? పొద్దున్న అన్నదానికి కోపమా?"

వెర్నా తల అడ్డంగా ఊపింది.

"కోపం లేకపోతే మాట్లాడొచ్చుగా. చూడవే డోరీన్, ఎలా మొహం పెట్టిందో!"

డోరీన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. వెర్నా మొహం చూడగానే ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. "వెర్నా, ఒకసారి నవ్వు."

వెర్నా నవ్వింది. టాఫీ అంతా కుడివైపే ఉండటంతో నవ్వు ఎడమవైపు మాత్రమే వచ్చింది.

"అయ్యో దేవుడా! నీ పేరు చెప్పు."

"ఊ... మ్మ్."

"మాట పడిపోయింది! పక్షవాతమే! చేతులు పైకెత్తవే, రెండూ ఎత్తు!"

వెర్నా చేతులు ఎత్తి ఊపింది. తనకేమీ కాలేదని ఆవిడ ఉద్దేశం. దూరం నుంచి చూసిన డెస్మండ్‌కు మాత్రం మనిషి సాయం కోసం అలమటిస్తున్నట్టు కనిపించింది. అతను రేడియోలో ఏదో చెప్పాడు. రెండు నిమిషాల్లో ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని, మోకాళ్ళు వంచకుండా నడుస్తూ వచ్చేశారు.

సరిగ్గా అప్పుడే వేదిక మీద కార్లోటా వేన్ మైకు ముందుకొచ్చి, "ఇక మిగిలింది తాడు పాట" అంది. జనం హోరెత్తారు. వెర్నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ పాట కోసం ఏడాదంతా ఎదురుచూసింది, దీనికోసమే నోరు కుట్టేసుకుంది, ఇప్పుడు వీళ్ళు తనను మోసుకుపోతారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఏడుస్తోంది పాపం, నొప్పేమో," అంది ఇడా, తానూ ఏడుస్తూ. "నేనే చంపుకున్నానే నిన్ను! పాడుకోవే, నీ ఇష్టమొచ్చినట్టు పాడుకో, బతికుంటే చాలు!"

వెర్నా టాఫీ డబ్బా మూత తీసి అందరి ముందూ పెట్టి, వేలితో దవడ చూపించింది. ఎవరికీ అర్థం కాలేదు. హార్లన్ ఒక్కడే, పెడుతున్నారు కాబోలనుకుని ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏవయ్యా, ఆవిడ ప్రాణం మీదికొస్తే నీకు తిండా?" అంది డోరీన్.

హార్లన్ జవాబు చెప్పబోయి, "మ్మ్" అన్నాడు. అతని మొహం కూడా ఒకవైపుకి తిరిగింది. స్ట్రెచర్ మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెచ్చింది ఒకటే స్ట్రెచర్.

డోరీన్ మొగుడి మొహం, డబ్బా, వెర్నా దవడ వరసగా చూసింది. "ఛీ ఛీ, టాఫీ!" అంది. స్ట్రెచర్ వెనక్కి పోయింది. ఇడా కన్నీళ్ళు తుడుచుకుని, ఇందాక ఇచ్చిన అనుమతి రద్దయిందని గుర్తు చేసింది.

తాడు పాట మొదలైంది. చాకలమ్మ ఊరందరి బట్టలూ ఒక్కొక్కటే తాడు మీద ఆరేస్తూ, ఒక్కో బట్ట పేరు చెప్పి దాని యజమాని గుట్టు విప్పుతుంది. కార్లోటా గొంతులో పాత కులుకు అలాగే ఉంది.

"మేయర్ గారి మేజోడు, మడమ దగ్గర చిల్లి చూడు..."

అప్పుడు సరస్సు మీంచి గాలి లేచింది. ఆవిడ ముందున్న పాట కాగితాలు నాలుగూ పావురాల్లా ఎగిరి జనం మీదుగా వెళ్ళిపోయాయి. కార్లోటా ఆగింది. వాద్యాలవాళ్ళు అదే చరణం వెనక స్వరాన్ని తిప్పితిప్పి వాయించారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆవిడ పెదాలు కదిలాయి, మాట రాలేదు. చివరి కచేరీలో, అందరి ముందూ, ఆ పెద్దావిడ ఉత్త చేతులతో అలా నిలబడటం వెర్నా చూడలేకపోయింది.

"వెర్నా, తరవాతేంటే?" ఇడా ఆమె భుజం పట్టి కుదిపేసింది. "నీకు తెలుసుగా! అరిచి చెప్పవే!"

"మ్మ్!" అంది వెర్నా.

"నోరు తెరువు! నీకు దణ్ణం పెడతాను, పాడవే!"

వెర్నా లేచి నిలబడింది. తర్వాత వచ్చేది పాస్టర్ గారి తువ్వాలు. చేతులు తుడుచుకునే తువ్వాలు లాక్కుని రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. వేదిక మీద కార్లోటా చూపు దాని మీద పడింది. ఆవిడ మొహంలో దీపం వెలిగింది.

"పాస్టర్ గారి తువ్వాలు, పక్కింటి సెంటు వాసనలు!"

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. తర్వాతది పంతులమ్మ మఫ్లరు. సరస్సు గాలికి భయపడి ఇడా మెడకు చుట్టుకున్నది లాగింది. ఇడా కెవ్వుమనే లోపల అది పైకి లేచింది. ఆ తర్వాత పెళ్ళివారి దుప్పటి. వెర్నా ఒక్క క్షణం తటపటాయించి, డోరీన్ పరిచిన చలువ బట్ట అంచు పట్టుకుని లాగేసింది. గుడ్ల సలాడు పక్కవాళ్ళ మూడు స్తంభాల మీదికి పోయింది. కార్లోటా దుప్పటి చరణం అందుకుంది.

ఇక మిగిలింది బ్యాంకు బాబు చొక్కా. వెర్నా హార్లన్ వైపు తిరిగింది. హార్లన్ వద్దన్నట్టు చేతులు ఊపాడు. నోటితో చెప్పుకునే అవకాశం అతనికి కూడా లేదు.

"విప్పవయ్యా!" అని డోరీన్ గద్దించింది. "ముప్పయ్యేళ్ళనుంచి పాటకు నిద్రపోతూనే ఉన్నావుగా, ఇవాళైనా పనికిరా!"

ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి బొత్తాలు విప్పారు. చొక్కా గాలిలో ఎగిరింది.

"బ్యాంకు బాబు గీతల చొక్కా, బొత్తాలన్నీ ఊడెను పక్కా!"

పార్కంతా లేచి నిలబడింది. ఆఖరి వరుసలు కార్లోటా ఒక్కతే పాడలేదు. మైకు జనంవైపు తిప్పింది. "ఊరందరివీ ఆరేశాను, నాదంటూ ఒకటీ లేదు" అని మూడువేల మందీ పాడారు. ఇడా తప్పుల తడకగా పాడింది. డోరీన్ పాడింది. గుడ్ల సలాడు తుడుచుకుంటున్న పక్కవాళ్ళు పాడారు. ఫిర్యాదుల పుస్తకం చంకలో పెట్టుకుని డెస్మండ్ కూడా పాడాడు. వెర్నా ఒక చేతిలో చొక్కా, ఒక చేతిలో మఫ్లరు పట్టుకుని, కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నిలబడింది.

పాట అయ్యాక కార్లోటా వేదిక అంచుకు వచ్చి, మోకాలు పట్టుకుని మెల్లగా వంగింది.

"నా పరువు కాపాడావు తల్లీ. నీ పేరేంటి?"

ఆ ఒక్క ప్రశ్న కోసం వెర్నా నలభై ఏళ్ళుగా జవాబు సిద్ధం చేసుకుంది. పందొమ్మిదిసార్ల సంగతి చెప్పాలి, మొదటిసారి చూసి ఇంటిదాకా ఏడుస్తూ నడిచిన సంగతి చెప్పాలి.

"మ్మ్," అంది వెర్నా.

కార్లోటా ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "మాటలు రావడం లేదు పాపం. నాకూ అంతే," అంది.

టాఫీ కారులో సగం దారిలో కరిగింది. "ఇప్పుడు పాడుకోవే, కిటికీలు మూసేశాంలే," అంది ఇడా. వెర్నా నోరు తెరిచి చూసుకుని, ఇవాళ్టికి చాలనిపించి మళ్ళీ మూసుకుంది.

గురువారం పార్కు ఆఫీసు నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. చొక్కా లేకుండా తిరిగినందుకు హార్లన్‌కు మొదటి, చివరి హెచ్చరిక. కచేరీ మొత్తంలో ఒక్క ముక్క కూడా పాడకుండా నిబంధన పాటించిన ఏకైక ప్రేక్షకురాలిగా వెర్నాకు అభినందన.