పన్నెండు పట్టికల మర్యాద

“ప్రభుత్వ కార్యాలయంలో మనిషే కాదు, యంత్రం కూడా సొంతంగా ఆలోచించరాదు!”

ఎమ్మిగనూరు మగ్గాల మంజూరు మండలి అధికారి రామలింగంగారు ఈ మాట సెలవిచ్చి బల్ల మీద ఒక్కటి చరిచారు. టీ గ్లాసు ఒరిగింది. సిద్ధాంతం మాత్రం ఒరగలేదు!

సంగతేమంటే, వానలకు గుంతమగ్గాలు మునిగిన నేతగాళ్లకు సర్కారు కొత్త మగ్గాలిస్తోంది. సభలో మంత్రిగారు మీట నొక్కుతారు, తెర మీద అర్హుల పేర్లు పడతాయి. సభ సజావుగా సాగితే రామలింగంగారికి కర్నూలులో పెద్ద కుర్చీ. పేరు పడితే గోనెగండ్ల బసమ్మకు మగ్గం. ఎవరి ఆశ వారిది.

అర్హత తేలాలంటే పన్నెండు శాఖల పట్టికలను కలపాలి. ఆదోని నుంచి వచ్చే ప్రోగ్రామర్ షబానా మీట నొక్కితే యంత్రం గమ్మున కూర్చుంది.

“ఏం జేస్తాందమ్మా అది?”

“ఆలోచిస్తాంది సార్. ఏ పట్టికను దేంతో ముందు కలపల్లనో దార్లు ఎతుకుతాంది. పన్నెండు పట్టికలంటే లచ్చల దార్లు. ఎతకడానికే పొద్దు పోతుంది.”

పై సిద్ధాంతం పుట్టింది అప్పుడే.

“అది ఎన్ని పట్టికల వరస మార్చొచ్చో దానికి ఒక పరిమితి ఉండాది సార్. దాన్ని ఒకటికి దించితే మనం రాసిన వరసలోనే కలుపుతుంది. సొంత తెలివి వాడదు.”

“శభాష్! అచ్చం మా హెడ్డుగుమాస్తా మాదిరే!”

షబానా వరస రాసింది. మగ్గాలు మునిగినవాళ్ల పట్టిక మొదట, జిల్లా జనమంతా ఉన్న భూముల శాఖ పట్టిక ఆఖర. “ముందు ఈ కొద్దిమందిని పట్టుకుంటే, మిగతావాటిల్లో వీళ్ల పేర్లే చూస్తే సాలు సార్.” రెప్పపాటులో జవాబొచ్చింది.

రామలింగంగారు జవాబు చూడలేదు. వరస చూశారు. ముఖం పాలిపోయింది!

“భూముల శాఖను ఆఖర్న కూచోబెడతావా? పెండ్లికొచ్చిన పెద్దమామను కడపంక్తికి తోసినట్టుంది గదమ్మా!”

“పట్టికలకు మర్యాదలేంది సార్?”

“పట్టికలకు లేకపోవచ్చు. వాటి ఎనకాల సార్లుండారు!”

భూముల శాఖ మొదటి స్థానానికి లేచింది. కరెంటు శాఖ, నీళ్ల శాఖ రెండో స్థానం కోసం ఫోన్లు చేసి పోట్లాడుకున్నాయి. ఏ అధికారి ముందు ఉద్యోగంలో చేరాడో చూసి తీర్పు చెప్పారు. మునిగిన మగ్గాల తరఫున ఎవరూ ఫోన్ చేయలేదు కాబట్టి అవి అట్టడుగుకు పోయాయి. ఈ వరస సభలో అందరికీ కనబడేలా తెర పైభాగాన వేయించారు కూడా!

సభ రోజు మంత్రిగారు మీట నొక్కారు. యంత్రం మహా విధేయంగా జిల్లా జనాన్నంతా జిల్లా కరెంటు మీటర్లతో కలపసాగింది. తెర మీద చక్రం తిరుగుతోంది. మంత్రిగారు నేతగాడి కష్టం గురించి మాట్లాడారు. చక్రం ఆగలేదు. నేతగాడి తండ్రి కష్టం గురించి మాట్లాడారు. ఆగలేదు. తాత దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయింది.

ముందు వరసలో బసమ్మ లేచింది. “సారూ, తిరగతానే ఉండాది, అదేమన్నా రాట్నమా? మగ్గం ఇస్తారా, మమ్మల్ని ఎల్లిపొమ్మంటారా?”

రామలింగంగారి కళ్ల ముందు కర్నూలు కుర్చీ కాళ్లు విరిగాయి. “షబానా, నీ పాత వరసే పెట్టు తల్లీ!”

పెట్టింది. తెర పైభాగాన వరస మారింది, టక్కున పేర్లు పడ్డాయి. మొదటి పేరు బసమ్మది! చప్పట్లే చప్పట్లు!

“నేతగాళ్లను మొదట పెట్టిన మహానుభావుడెవరయ్యా?” అన్నారు మంత్రిగారు, మిగిలిన గొంతుతో.

“నేనే సార్! నా నిర్ణయమే!” రామలింగంగారు ముందుకు దూకారు.

“అట్లనా?” పక్క కుర్చీలోంచి భూముల శాఖ పెద్దసారు తెర వైపు చూపించాడు. “అయితే మా శాఖను ఆఖరికి తోసిందీ నువ్వే!”

రామలింగంగారు దూకిన వేగంతోనే వెనక్కి వచ్చారు. “అయ్యయ్యో, నేనా సార్! ఆ యంత్రం సార్! సొంతంగా ఆలోచించింది!”

పెద్దసారు అక్కడికక్కడే ఉత్తర్వు వేయించాడు. క్రమశిక్షణ తప్పిన యంత్రం సస్పెన్షన్‌లో ఉంటుంది. అది రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చేదాకా అది చెప్పిన పేర్లు చెల్లవు. మగ్గాలన్నీ తిరిగి లారీ ఎక్కాయి.

బసమ్మ మెల్లగా వేదికెక్కి యంత్రం ముందు చేతులు జోడించింది. “వీళ్లందర్లో నన్ను ముందర పెట్టింది నువ్వొక్కదానివేనమ్మా. వాళ్లడిగిందేదో రాసిచ్చేయ్ తల్లీ, తప్పయిందని చెప్పేయ్. నా మగ్గం లారీ ఎక్కింది.”

“ఏయ్, దిగు దిగు!” రామలింగంగారు ఉరికొచ్చారు. “సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగితో ప్రజలు మాట్లాడరాదు!”