అతుకుల బస్సు మొదటి ట్రిప్పు

ఆ ఉదయం అప్పలసూరి గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. గేరు మారిస్తే సీట్లతో సహా వణికిపోయే బస్సుల నుంచి చప్పుడే లేని కరెంటు బస్సుల దాకా విశాఖలో అన్నీ నడిపినవాడే. నడుము దగ్గర రబ్బరు ముడతలతో రెండు పెట్టెలను అతికిన ఈ పొడుగాటి బస్సు మాత్రం ఇవాళే చేతికొచ్చింది. హార్బర్ నుంచి మద్దిలపాలెం దాకా ఒక్క ఫిర్యాదు లేకుండా తీసుకెళితే బస్సు అతనిది, లేకపోతే మళ్లీ పాత డొక్కే. ఆ షరతు పెట్టిన ఆఫీసరు ఉమామహేష్ మద్దిలపాలెంలో కాచుకుని ఉన్నాడు.

హార్బర్ స్టాపులో జనమంతా ముందు సగంలోకే ఎగబడ్డారు. చెడిపోయిన బస్సును ఇంకో బస్సు లాక్కెళ్లడం చూసీ చూసీ ఉన్నవాళ్లు, ఇదీ అలాంటిదే అనుకున్నారు.

"సేపల బుట్టలు ఎనక్కి! ఎనక బోల్డు జాగా ఉంది!" అని కండక్టరు సూర్యకళ అరిచింది. ఏ బస్సులోనైనా ఆ బుట్టలకు వెనక చోటే కదా.

గంగాలమ్మ, మరో ఏడుగురు చేపలమ్మే ఆడవాళ్లు వెనక ఎక్కి దర్జాగా కాళ్లు బారజాపుకున్నారు. సూర్యకళ టిక్కెట్టు అడగ్గానే గంగాలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"పాడైపోన బస్సుకి టిక్కెట్టేటమ్మా? ముందుది నడుత్తంది, దానికి కొట్టుకో."

"పాడవనేదు పిన్నీ! రెండూ ఒకటే బస్సు."

"ఒకటైతే మజ్జిన ఆ ముడతలేటి?"

తగువు తేలకుండానే జగదాంబ దగ్గర మలుపు వచ్చింది. సింహాచలం దర్శనానికి బయల్దేరిన చలమయ్య ముందు సగంలో కిటికీలోంచి తొంగి చూసి కెవ్వున కేకేశాడు.

"డ్రైవరు బాబూ, ఆపు! పక్కనుంచి బస్సొకటి వొచ్చి గుద్దేత్తంది!"

మలుపులో వంగిన తమ బస్సు వెనక సగమే అదని ఆయనకేం తెలుసు! అప్పలసూరి హడలిపోయి బ్రేకు తొక్కాడు. గంగాలమ్మ రొయ్యల బుట్ట ముడతలు దాటి జారుకుంటూ వెళ్లి చలమయ్య ఒళ్లో బోర్లా పడింది.

ముందువాళ్లంతా ముక్కులు మూసుకుని వెనక్కి పరుగెత్తారు. రొయ్యలు ఏరుకోవడానికి ముందుకొచ్చిన ఆడవాళ్లు, సీట్లు ఎలాగూ ఖాళీయే కదా అని అక్కడే స్థిరపడ్డారు. నడిచేది ముందు బస్సేనని గంగాలమ్మ తన నోటితోనే అంది కాబట్టి సూర్యకళ వాళ్లకు చకచకా టిక్కెట్లు కొట్టేసింది. తరవాత వెనక్కి వెళితే చలమయ్య అడ్డం తిరిగాడు.

"మాకేటి టిక్కెట్టు? ఇది పాడైపోన బస్సంట కదా!"

మద్దిలపాలెంలో ఉమామహేష్ ఎక్కేసరికి బస్సంతా రొయ్యల వాసన. అప్పలసూరికి పాత డొక్కు కళ్లముందు కనిపించి ఏడుపొక్కటే తక్కువైంది.

"బస్సు ఎలా ఉందమ్మా?" అని ఆఫీసరు ముందు సీట్లో ఉన్న గంగాలమ్మను అడిగాడు.

"బంగారం బాబూ! ముప్పయ్యేళ్లుగా ఏ బస్సెక్కినా ఎనక్కెల్లమనీవోరు. ఇయ్యాల ముందు కూకున్నాం." అంటూనే ఆమె కళ్లు తుడుచుకుంది. అప్పలసూరికి తన భయం మరిచిపోయేంత సంతోషం కలిగింది.

ఉమామహేష్ వెనక్కి తిరిగి, "మీకేమైనా ఫిర్యాదులున్నాయా?" అన్నాడు. టిక్కెట్టు లేనివాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు.

ఆయన అక్కడికక్కడే సంతకం చేసి బస్సును అప్పలసూరికి ఖాయం చేశాడు. రూటు మాత్రం తనే రాశాడు: హార్బర్ చేపల స్పెషల్, రోజూ పొద్దున్నే.

వారం తిరగకుండా అప్పలసూరి భార్య అతనికి అన్నం పెరట్లో వడ్డించడం మొదలుపెట్టింది.